ఇంటి ముందు తారు తీసేయాలా, తెల్ల పెయింట్ వేయాలా?

ఇంటి ముందు జాగాలో తారు వేయించాక రాత్రి పదింటికి కూడా వరండాలో సెగ కొడుతోంది, పైన తెల్ల పెయింట్ వేస్తే సరిపోతుందా అని అడిగారు కదండీ. తొందరపడకండి. కొత్త తారు తన మీద పడ్డ ఎండలో దాదాపు 95 శాతం పీల్చేసుకుంటుంది, మే నెల మధ్యాహ్నం పైభాగం 60 డిగ్రీలు కూడా దాటుతుంది, పొద్దుగూకాక ఆ వేడినే మెల్లగా మీ గోడల మీదకి వదులుతుంది. లేత రంగు పూత వేస్తే నేల చల్లబడే మాట నిజమే. అమెరికాలోని ఫీనిక్స్‌లో 2020 నుంచి వీధులకి వేసి చూశారు, నేల వేడి తగ్గింది గానీ మధ్యాహ్నం దానిమీద నడిచేవాళ్లకి ఆ పూత మీద పడి తిరిగి పైకి కొట్టిన ఎండ కింది నుంచి కూడా తగిలింది. మీ కిటికీలు ఎదురుగానే ఉన్నాయన్నారు, ఇంక ఆ వెలుగంతా లోపలికే.

నా మాట వింటే తారు పెకలించి, కారు చక్రాలు ఆనే చోట రెండు పట్టీలుగా లేత రంగు సిమెంటు బిళ్లలు, మిగతా అంతా మధ్యలో గడ్డి పెరిగే చిల్లుల బిళ్లలు పరిపించండి. కింద కంకర, ఇసుక చాలు, సిమెంటు మాల్ వేయనివ్వకండి, నీళ్లు ఇంకాలి. సాయంత్రం నాలుగు బకెట్లు చల్లితే ఆ తడి ఆరేటప్పుడే చల్లదనం. కడప బండ మాత్రం వద్దు, నలుపు కదా, మా మేడ మెట్లకి వేయించి ఇప్పుడు మూడింటికి చెప్పుల్లేకుండా ఎక్కలేకపోతున్నాం! పడమర వైపు కానుగ మొక్క కూడా ఒకటి నాటండి, నీడ పడితే ఏ నేలైనా అంతగా కాగదు.