శ్రీకాకుళం ఎండలకు పొరల జెల్లీ కేక్ నిలబడుతుందా? పొరలు విడిపోకుండా ఎలా పోయాలి?

నిలబడుతుంది, కానీ జెలటిన్‌తో కాదు. జెలటిన్ 35 డిగ్రీల లోపే కరుగుతుంది. మే నెలలో కరెంటు పోయి ఫ్రిజ్ ఆగితే ఇక అంతే. పైగా అది జంతువుల నుంచి తీసేది, శాకాహారులు తినరు. అగర్ అగర్ పొడి వాడండి, అదే చైనా గ్రాస్. సముద్రపు నాచు నుంచి వస్తుంది. దాదాపు 40 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మళ్లీ కరగాలంటే 85 దాకా వేడెక్కాలి.

మీరడిగిన రెండో సంగతి, పొరలు విడిపోవడం. అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. కింది పొర పూర్తిగా గట్టిపడ్డాక పైది పోస్తే రెండూ అతుక్కోవు. వేలితో తాకితే కొంచెం జిగురుగా అంటుకోవాలి, అప్పుడే పోయాలి. పోసేది వేడిగానే ఉండాలి, మరుగుతూ మాత్రం ఉండకూడదు. గరిటె వెనక్కి తిప్పి దాని మీదుగా నెమ్మదిగా వదిలితే కింది పొరకు గుంట పడదు. మిగతా రంగుల గిన్నెలను వేడినీళ్లలో ఉంచండి, లేకపోతే గిన్నెలోనే గడ్డకడతాయి.

లీటరుకు 8 గ్రాముల పొడి సరిపోతుంది. ముందు నీళ్లలో రెండు మూడు నిమిషాలు బాగా మరిగించి, ఆ తర్వాతే గోరువెచ్చని కొబ్బరిపాలు కలపాలి. చల్లటివి పోస్తే ఉండలు కడుతుంది.

రంగుల సీసాలు ఎందుకండీ? ఉద్దానం కొబ్బరిపాలు ఒక పొర, తాటిబెల్లం ఒక పొర వేయండి. తెలుపూ గోధుమా చారలు, నాకైతే అంతకంటే అందమైనది లేదు.