బెణికిన చీలమండ: నొప్పి పోయినా కాలు ఎందుకు మడత పడుతోంది?

బ్యాడ్మింటన్ ఆడుతుంటే చీలమండ బెణికింది, ఫిజియో దగ్గర కరెంటు, అల్ట్రాసౌండ్ సిట్టింగ్స్ అయిపోయాయి, నొప్పి లేదు, కానీ మెట్లు దిగేటప్పుడు కాలు మడత పడబోతున్నట్టుంది, ఇంకో కోర్సు కరెంటు పెట్టించుకోవాలా అని కదా మీరు అడిగింది. నన్నడిగితే వద్దు. ఆ డబ్బుతో వ్యాయామాలు దగ్గరుండి చేయించే ఫిజియో దగ్గరకి వెళ్లండి.

నాది వాలీబాల్ దెబ్బ. బ్లాక్‌కి ఎగిరి అవతలివాడి పాదం మీద దిగాను. వాపు తగ్గి మామూలుగా నడుస్తున్నాను కాబట్టి అంతా సర్దుకుందనే అనుకున్నా. మా ఫిజియో మేడమ్ మాత్రం గోడ పక్కన నిలబెట్టి, కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంది. బాగున్న కాలి మీద హాయిగా నిలబడ్డా. దెబ్బ తగిలిన కాలి మీదకి మారగానే వేళ్లు నేలని గట్టిగా పట్టుకోవడం మొదలుపెట్టాయి, చీలమండ అటూ ఇటూ ఊగిపోయింది, చెయ్యి దానంతటదే గోడ మీదకి పోయింది. నొప్పి మాత్రం అస్సలు లేదు!

విషయం ఏంటంటే, సాధారణంగా పాదం లోపలికి మడత పడినప్పుడు బయటివైపు లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టుకునే గట్టి పట్టీ లాంటిది) సాగుతుంది లేదా చిరుగుతుంది. దాంతోపాటు కాలు ఏ కోణంలో ఉందో మెదడుకి చెప్పే వ్యవస్థ కూడా దెబ్బతింటుంది, పాదాన్ని బయటికి లాగి కాపాడాల్సిన కండరాలు ఆలస్యంగా స్పందిస్తాయి. కరెంటు పెడితే కాసేపు నొప్పి తగ్గొచ్చేమో గానీ వీటిని సరిచేయడం దానివల్ల కాదు. ఐస్ సంగతీ అంతే. 1978లో రైస్ పద్ధతిని (విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తి పెట్టడం) ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ గేబ్ మిర్కిన్ గారే, ఐస్‌తోపాటు పూర్తి విశ్రాంతి కూడా మానడాన్ని ఆలస్యం చేయొచ్చని తర్వాత రాశారు.

నాతో చేయించినవి చూడ్డానికి చాలా మామూలువి, చేస్తుంటే విసుగు కూడా. రెండు కాళ్లతో మడమలు ఎత్తి దించడం, తర్వాత ఒంటికాలితో. రబ్బరు బ్యాండుకి ఎదురుగా పాదాన్ని బయటికి నెట్టడం. ఒంటికాలి మీద నిలబడి బంతి పట్టుకోవడం. అవి కుదిరాకే గెంతులు, ముందుకి కాదు, పక్కలకి, ఎందుకంటే కోర్టులో కాలు మడత పడేది ఎక్కువగా అక్కడే. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే పర్లేదు, మర్నాడు పొద్దున వాపో బిగుసుకుపోవడమో పెరిగితే మాత్రం ఆ రోజు తగ్గించేయమనేది. మనకి కావాల్సిన ఫిజియో ఇలా లెక్క చూసుకుని పెంచేవాళ్లు, మెషీన్ పెట్టి ఫోన్ చూసుకునేవాళ్లు కాదు.

ఆటకి ఎప్పుడు వెళ్లాలో క్యాలెండర్ చూసి తేల్చకండి. ఒంటికాలితో ఎంత దూరం గెంతగలుగుతున్నారో, ఎన్నిసార్లు మడమ ఎత్తగలుగుతున్నారో రెండు కాళ్లకీ కొలిచి చూడండి, తేడా బాగా కనిపిస్తే ఇంకా ఆగాలి. వెళ్లాక కూడా కొన్ని నెలలు బ్రేస్ (చీలమండ మడత పడకుండా పట్టి ఉంచే తొడుగు) వేసుకోండి, ఒకసారి బెణికినవాళ్లకి మళ్లీ బెణక్కుండా అది బాగానే పనిచేస్తుంది. బ్రేస్ వేసుకుంటే కండరాలు బలహీనమైపోతాయని భయపెట్టేవాళ్లు ఉంటారు, వ్యాయామాలు మానకపోతే ఆ టెన్షన్ అక్కర్లేదు.

ఒకవేళ దెబ్బ తగిలిన రోజు నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండకి అటూ ఇటూ ఉండే ఎముక వెనక అంచున నొక్కితే ప్రాణం పోతున్నట్టున్నా, ఇంతవరకూ ఎక్స్‌రే తీయించకపోతే ముందు అది తీయించండి.