రాత్రి రెండున్నరకు పెట్టిన బ్యాకప్ ఉదయం ఎనిమిదికి ఎందుకు నడుస్తోంది?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదండీ. నెల్లూరు శివారులోని మీ రైస్ మిల్లులో కాటా చీట్ల డేటాబేసు ఒక అద్దె సర్వర్లో ఉంది. రాత్రి 2:30కి బ్యాకప్ తీయమని క్రాన్‌లో, అంటే చెప్పిన వేళకు పనులను తనంతట తానే నడిపే ప్రోగ్రామ్‌లో పెట్టారు. ఉదయం ఎనిమిదికి, సరిగ్గా ధాన్యం లారీలు కాటా ముందు వరుస కట్టే వేళకు, చీటీ రావడానికి నిమిషాలు పడుతోంది. బ్యాకప్ ఫైలు తయారవుతోంది కానీ రెండో చోటికి కాపీ వెళ్లడం లేదు. అదే స్క్రిప్టును (బ్యాకప్ ఆదేశాలు రాసిన ఫైలును) చేత్తో నడిపితే అంతా సవ్యంగా జరుగుతోంది. సరిచేద్దామని క్రాన్‌లోని ఆ లైను తెరిస్తే వింత తెర వచ్చి అక్షరాలు పడటం లేదు.

చీమకుర్తి గ్రానైట్ యార్డుల కాటా కంప్యూటర్లు, వాటి సర్వర్లు చూసుకోవడం నా పని. అక్కడ లారీ మీద రాయి, మీ దగ్గర ధాన్యం. మిగతా తంతు ఒకటే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు కొట్టేటప్పుడు ఆంగ్ల అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు టైము సంగతి. రెండున్నరకు ఐదున్నర గంటలు కలిపి చూడండి, ఎనిమిది వస్తుంది. మీ సర్వర్ యూటీసీ గడియారంలో ఉంది, అది మన సమయానికి ఐదున్నర గంటలు వెనక నడిచే అంతర్జాతీయ సమయం. అద్దె సర్వర్లు చాలావరకు అలాగే వస్తాయి. 'డేట్' అని కొడితే వచ్చే వరుసలోనే యూటీసీ అని కనిపిస్తుంది. క్రాన్ దాని లెక్కలో అది రాత్రి రెండున్నరకే నడిపింది, పాపం.

దీనికి రెండు దారులు. మొదటిది, లైనులో టైమే మార్చడం. ఇప్పుడు మీది ఇలా ఉండి ఉంటుంది:

30 2 * * * /హోమ్/మిల్లు/బ్యాకప్.ఎస్‌హెచ్

ఎడమ నుంచి నిమిషం, గంట, నెలలో తేదీ, నెల, వారం. వారంలో 0 అన్నా 7 అన్నా ఆదివారమే. మన రెండున్నర యూటీసీలో ముందు రోజు రాత్రి తొమ్మిది కాబట్టి మొదటి రెండు అంకెలను 0 21 చేస్తే సరిపోతుంది. రోజూ నడిచే పనికి ఇది చాలు. కానీ వారానికో నెలకో ఒకసారి నడిచే పని పెట్టారంటే తలనొప్పి మొదలవుతుంది. మన సోమవారం తెల్లవారుజాము దానికి ఇంకా ఆదివారమే. ఒక యార్డులో అకౌంటెంటు ప్రతి నెలా ఒకటో తేదీ వేకువకల్లా నెలవారీ పట్టిక కావాలన్నారు. యూటీసీలో అది గడిచిన నెల చివరి రోజు. ఆ రోజు 28 కావచ్చు, 30 కావచ్చు, 31 కావచ్చు. 'నెల చివరి రోజు' అని నేరుగా చెప్పే వీలు మామూలు క్రాన్‌లో లేదు.

అందుకే రెండో దారి నాకు నచ్చుతుంది. సర్వర్ గడియారాన్నే మన సమయానికి మార్చేయండి (సుడో అంటే నిర్వాహకుడి హక్కుతో నడపడం): సుడో టైమ్‌డేట్‌సిటిఎల్ సెట్-టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా. ఆ తర్వాత సుడో సిస్టమ్‌సిటిఎల్ రీస్టార్ట్ క్రాన్. ఈ రెండోది వదిలేస్తే క్రాన్ పాత గడియారంతోనే నడుస్తూ ఉండవచ్చు. సర్వర్లు ఎప్పుడూ యూటీసీలోనే ఉండాలని వాదించేవారు చాలామంది ఉన్నారు. నాలుగు దేశాల్లో కొట్లు ఉన్నవాళ్లకు ఆ మాట నిజమే. నెల్లూరు మిల్లుకు ఆ బాధ ఎందుకు? ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. మీ కాటా సాఫ్ట్‌వేర్ చీటీ మీది సమయాన్ని సర్వర్ గడియారం నుంచి తీసుకుని తానే ఐదున్నర గంటలు కలుపుతూ ఉంటే, మీరు మార్చిన మరుక్షణం చీటీలన్నీ ఐదున్నర గంటలు ముందుకు పోతాయి. సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లను అడిగాకే చేయండి. వాళ్లు తెలియదంటే మొదటి దారిలోనే ఉండండి.

ఇక ఆ వింత తెర. క్రాన్ పట్టికను దిద్దడానికి 'క్రాన్‌ట్యాబ్ -ఈ' కొట్టినప్పుడు వచ్చింది వీఐ ఎడిటర్ అయి ఉంటుంది. తెరవగానే అందులో అక్షరాలు పడవు. ముందు ఐ నొక్కాలి, అప్పుడు రాయనిస్తుంది. మార్చాక ఎస్కేప్ నొక్కి, కోలన్ పెట్టి డబ్ల్యూ క్యూ అని కొట్టి ఎంటర్ నొక్కితే దాచుకుని బయటికి వస్తుంది. తేడా వచ్చిందనిపిస్తే కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం. ఏమీ మార్చకుండా వదిలేస్తుంది. ఇది వద్దనుకుంటే ఉబుంటులో 'సెలెక్ట్-ఎడిటర్' కొట్టి నానో అనే ఎడిటర్‌ను ఎంచుకోండి. అందులో కంట్రోల్ ఓ, ఎంటర్, కంట్రోల్ ఎక్స్, అంతే.

బయటికి వచ్చాక 'ఇన్‌స్టాలింగ్ న్యూ క్రాన్‌ట్యాబ్' అన్న వరుస కనిపించిందా లేదా చూడండి. కనిపిస్తే మార్పు అమల్లోకి వచ్చినట్టే, దేన్నీ రీస్టార్ట్ చేయనక్కరలేదు. లైను తప్పుగా ఉంటే మళ్లీ దిద్దుతారా అని అడుగుతుంది, అవునంటే మీరు రాసింది పోకుండా మళ్లీ తెరుస్తుంది.

మొత్తం తీసేసి కొత్తగా రాయాలా అని అడిగారు. వద్దు. ఆ ఆలోచనతోనే చాలామంది 'క్రాన్‌ట్యాబ్ -ఆర్' దగ్గరికి వెళతారు. అది మీ పట్టికనంతా తుడిచేస్తుంది, ఒక్క మాట కూడా అడగదు. పైగా కీబోర్డు మీద, దిద్దడానికి కొట్టే '-ఈ'లోని ఈ అక్షరం పక్కనే ఆర్ ఉంటుంది. ఏ మార్పు చేసే ముందైనా 'క్రాన్‌ట్యాబ్ -ఎల్ > పాతది.టీఎక్స్‌టీ' కొట్టి నకలు ఉంచుకోండి. ఏదైనా పోతే 'క్రాన్‌ట్యాబ్ పాతది.టీఎక్స్‌టీ' అంటే యథాతథంగా వచ్చేస్తుంది.

ఇంకో మాట. మీ పేరు మీది పట్టిక వేరు, సుడో పెట్టి తెరిచే రూట్ (నిర్వాహకుడి) పట్టిక వేరు. ఒక యార్డులో ఒకే బ్యాకప్ రెండు పట్టికల్లోనూ ఉండి, రెండూ ఒకేసారి మొదలై ఒకే ఫైలు మీద రాస్తూ కనిపించాయి. మీరూ రెండూ తెరిచి చూడండి. ఈటీసీ ఫోల్డర్‌లోని క్రాన్‌ట్యాబ్ ఫైలు మూడోది. అందులో టైముకూ ఆదేశానికీ మధ్య ఎవరి పేరుతో నడపాలో కూడా రాయాలి. మీకు దాంతో పని లేదు.

అసలు చిక్కు కాపీ దగ్గర ఉంది. మీరు లాగిన్ అయినప్పుడు ఏ ప్రోగ్రామ్ ఎక్కడుందో వెతికే దారుల జాబితా మీ వెంట వస్తుంది. క్రాన్‌కు అది రాదు. కొత్తగా చేరిన గుమాస్తాలాంటిది, బీరువా ఎక్కడుందో కూడా చెప్పాలి. మామూలుగా అది చూసేది /యూఎస్ఆర్/బిన్, /బిన్ అన్న రెండు చోట్లే. డేటాబేసు బ్యాకప్ ఆదేశం అక్కడే ఉంటుంది కాబట్టి ఫైలు తయారవుతోంది. కాపీ చేసే ప్రోగ్రామ్‌ను మీరు విడిగా తెచ్చి పెట్టుకుని ఉంటారు, అది /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో ఉండి ఉంటుంది. 'విచ్' తర్వాత ఆ ప్రోగ్రామ్ పేరు కొడితే పూర్తి దారి చెబుతుంది. స్క్రిప్టులో ఆ పేరున్న చోటల్లా పూర్తి దారి రాయండి. ఫైళ్ల పేర్లకు కూడా అంతే, ఎందుకంటే క్రాన్ మీ హోమ్ ఫోల్డర్ నుంచి మొదలవుతుంది, మీరు నిలబడి ఉన్న ఫోల్డర్ నుంచి కాదు. కాపీ ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్ల మధ్య భద్రమైన దారి) ద్వారా వెళుతుంటే, దాని తాళం ఫైలుకు పాస్‌ఫ్రేజ్ (రహస్య పదం) ఉందేమో చూడండి. అర్ధరాత్రి దాన్ని కొట్టేవారు ఎవరూ ఉండరు.

నా ఊహ నిజమో కాదో తేలాలంటే, స్క్రిప్టు చెప్పే మాటలూ తప్పులూ ఒక ఫైల్లో (లాగ్‌లో) చేరేలా లైను చివర ఇది తగిలించండి:

>> /హోమ్/మిల్లు/బ్యాకప్.లాగ్ 2>&1

ఈ వరుసక్రమం మార్చకండి. 2>&1 ముందుకు వస్తే తప్పుల సందేశాలు ఫైల్లోకి చేరవు. ఇది లేకపోతే క్రాన్ చెప్పాల్సిందంతా ఆ సర్వర్లోనే మెయిల్‌గా పంపబోతుంది, మెయిల్ ఏర్పాటు లేకపోతే పారేస్తుంది. 'జర్నల్‌సిటిఎల్ -యూ క్రాన్' (క్రాన్ గురించి సర్వర్ రాసుకునే చిట్టా) చూడమని కొందరు చెబుతారు. పని మొదలుపెట్టిందా లేదా అన్నంతవరకే దానివల్ల తెలుస్తుంది, మొదలుపెట్టిన పని నెగ్గిందో లేదో ఈ లాగ్‌లోనే చూడాలి. అందులో 'నాట్ ఫౌండ్' అని కనిపిస్తే దారి చిక్కేనని తేలిపోతుంది.

రేపోమాపో ఫైలు పేరులో తేదీ కూడా పెట్టాలనిపిస్తుంది. తేదీ రాసే ఆదేశంలో % గుర్తు వస్తుంది, దానితో జాగ్రత్త. క్రాన్ లైనులో % కనిపిస్తే ఆదేశం అక్కడితో అయిపోయిందనుకుంటుంది. దాని ముందు \ పెట్టాలి. లేదా తేదీ లెక్కంతా స్క్రిప్టు లోపలే ఉంచండి, అక్కడ ఈ గొడవ లేదు. నేను క్రాన్ లైన్లో ఒక స్క్రిప్టు పేరు, ఒక లాగ్ పేరు తప్ప మరేదీ పెట్టను.

పరీక్షించడానికి రాత్రి వరకూ ఆగనక్కరలేదు. మధ్యాహ్నం కాటా ఖాళీగా ఉన్నప్పుడు, 'డేట్' చూపే సమయానికి మూడు నిమిషాల తర్వాతి సమయం పెట్టి చూడండి. పని జరిగాక టైమును మళ్లీ రాత్రికి మార్చడం మరవకండి. కాపీ వెళ్లిన చోట ఫైలు ఉందంటే చాలదు, దాని సైజు సర్వర్లోని ఫైలుతో సమానంగా ఉందో లేదో కూడా చూడండి.

అప్పటికీ వెళ్లకపోతే లాగ్‌లోని చివరి వరుసలు ఇక్కడ పెట్టండి. డేటాబేసు పాస్‌వర్డ్ అందులో కనిపిస్తుంటే చెరిపేసి పెట్టండి.