గౌరీపట్నం నల్ల కంకర నిజంగా లావా రాయేనా? పూర్వం దీన్ని దేనికి వాడేవారు? రామప్ప శిల్పాలూ ఇదే రాయా?

నిజమే, అది లావా గడ్డకట్టిన రాయే. పేరు బసాల్ట్.

మా అమ్మమ్మగారి ఊరు కూడా ఆ గౌరీపట్నం వైపే, గోదావరి జిల్లాలో దేవరపల్లి దగ్గర. సెలవులకి వెళ్తే క్వారీల బ్లాస్టింగ్‌కి కిటికీలు అదిరేవి, చెట్ల ఆకుల మీద క్రషర్ బూడిద పేరుకుని ఉండేది. అప్పట్లో నాకది శ్లాబులకీ రోడ్లకీ వేసే కంకర, అంతే.

సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు భూమి పగిలి లావా పొరలు పొరలుగా పొంగింది. అందులో కొంత పాత నదీ లోయల వెంట దాదాపు 1,000 కిలోమీటర్లు పారి మన గోదావరి దాకా వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు చాలామంది చెబుతారు. అవతలి ఒడ్డున, రాజమండ్రి పక్కనున్న కాతేరులోనూ ఇదే రాయి. లావా పొరల మధ్య ఆల్చిప్పలున్న సున్నపురాయి పొర కూడా ఉంది. అంటే ఒక లావాకీ ఇంకో లావాకీ మధ్య ఇక్కడ నీళ్లు నిలిచి, వాటిలో ప్రాణులు బతికాయన్నమాట!

పూర్వపు వాడకం గురించి నాకు బాగా అర్థమైంది ఎల్లోరా వెళ్లినప్పుడు. కైలాస గుడి ప్రాంగణంలో గోడ మీద చెయ్యి వేస్తే అదే నలుపు, లావాలోని గాలి బుడగలు వదిలిన అవే గుంటలు. రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడి కాలంలో, 8వ శతాబ్దంలో, కొండని పైనుంచి కిందకి తొలుచుకుంటూ వచ్చారు. పైనుంచి దిగడం వల్ల పరంజా అక్కర్లేదు. కానీ ఒక్క ఉలి దెబ్బ లోతుగా పడినా రాయిని తిరిగి అతికించలేరు. అక్కడ నిలబడి అది ఆలోచిస్తే నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

అజంతాలో ఇంకో వాడకం ఉంది. ఉలిగాట్లతో గరుకుగా వదిలిన గోడ మీద మట్టి పూత పట్టించి బొమ్మలు వేశారు. ఆ బొమ్మల్లోని ఆకుపచ్చ రంగు కూడా ఈ రాతి గుంటల్లో దొరికే పచ్చమన్నే. గోడా అదే, రంగూ అదే.

ఇక రామప్ప. ఆ నల్ల శిల్పాలని చాలామంది బసాల్ట్ అంటారు, కానీ అది డోలరైట్. కరిగిన రాయి బయటికి పొంగకుండా భూమి లోపలి పగుళ్లలోనే నిదానంగా చల్లారితే డోలరైట్ అవుతుంది. బసాల్ట్‌కి దగ్గరి చుట్టమే, కాకపోతే గుంటలు అంతగా ఉండవు. అందుకే అద్దంలా నునుపు తేలుతుంది.