నాలుకకు పూస, పంటికి చేటు

ప్రశ్న: మా అమ్మాయికి 20 ఏళ్లు. హైదరాబాదులో చదువుకుంటూ ఎనిమిది నెలల కిందట నాలుకకు కుట్టించుకొని, రెండు చివరలా పూసలున్న ఉక్కు పుల్ల పెట్టించుకుంది. మొన్న దసరా సెలవులకు వచ్చినప్పుడు, చల్లటి నీళ్లు తాగితే కింది ముందు పళ్లు జివ్వుమంటున్నాయని చెప్పింది. నేను కోప్పడితే, పసితనంలో అవుసలితో చెవులు కుట్టించింది మీరే కదా, అదీ ఇదీ ఒకటే అంటోంది. నిజంగా ఒకటేనా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: ఒకటి కాదమ్మా. చెవి తమ్మె కదలదు, పొడిగా ఉంటుంది, దాని వెనుక పళ్లు ఉండవు. నాలుక అలా కాదు. మాట్లాడినా, మింగినా, ఊరికే ఉన్నా అది కదులుతూనే ఉంటుంది, కదిలిన ప్రతిసారీ ఆ పుల్ల కింది పూస ముందు పళ్ల లోపలివైపు చిగురుకు రాసుకుంటుంది. అక్కడ చిగురూ దాని చాటున ఉన్న ఎముకా పలుచగా ఉంటాయి కనుక, పెద్దగా నొప్పి తెలియకుండానే చిగురు కిందికి జారి పంటి వేరు బయటపడుతుంది. వేరు మీద ఎనామిల్ పొర ఉండదు కాబట్టి చల్లదనం నేరుగా తగులుతుంది. మీ అమ్మాయి బాధకు ఇదే కారణం కావచ్చు. అయితే పిప్పిపన్ను వల్లా, గార వల్లా కూడా పళ్లు జివ్వుమంటాయి కనుక దంతవైద్యునికి చూపించాకే తేల్చుకోవాలి. ఆ పూసకూ పాచి, గార పడతాయన్న సంగతి చాలామందికి తెలియదు.

చెవిపోగును ఎవరూ కొరకరు గానీ, నాలుక పూసను చదువుకుంటూనో ఫోను చూస్తూనో పళ్ల మధ్య పెట్టి ఆడించడం చాలామందికి అలవాటవుతుంది. ఆ అలవాటుతో పంటి అంచులు చిట్లుతాయి, ఒక్కోసారి పన్ను నిలువునా చీలుతుంది. మీ అమ్మాయిని ఒక్క మాట అడగండి: మొదట పెట్టిన పుల్లనే ఇంకా ఉంచుకుందా? కుట్టిన కొత్తలో నాలుక వాస్తుంది కనుక పొడవాటి పుల్ల పెడతారు, వాపు తగ్గాక పొట్టిదానికి మార్చాలి. చాలామంది మార్చుకోరు. పొడవు పెరిగినకొద్దీ, ఏళ్లు గడిచినకొద్దీ నష్టం పెరుగుతుంది. అలాగని పొట్టిది పెట్టుకుంటే చాలునని నేను అనను. అమెరికా దంతవైద్యుల సంఘం కూడా నోటిలో ఎక్కడా కుట్టించుకోవద్దనే చెబుతోంది.

తీసేయడమే మేలు. వాపు, చీము లేకపోతే చేతులు శుభ్రంగా కడుక్కొని తానే తీసుకోవచ్చు. జారిన చిగురు మళ్లీ తనంతట తాను పైకి రాదు, కానీ ఇంకా జారకుండా ఆగే అవకాశం ఉంటుంది. మరీ ఎక్కువ జారితే అంగిలి నుంచి కొంత కండ తీసి అతికే శస్త్రచికిత్స ఉంది. నాలుక కింద వాపు, జ్వరం, మింగడం కష్టం కావడం వంటివి కనిపిస్తే మాత్రం పుల్లను ఇంట్లో పీకవద్దు. రంధ్రం పైన మూసుకొని చీము లోపలే ఉండిపోవచ్చు, ఆ వాపు ఊపిరికి అడ్డం పడవచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: నా వయసు 19. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతిన్నది. ఇప్పటికీ 21 రోజులకొకసారి పెన్సిలిన్ సూది వేయించుకుంటున్నాను. పెదవికి రింగు పెట్టించుకోవచ్చా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: వద్దు బాబూ. నోటిలో ఎప్పుడూ ఉండే సూక్ష్మక్రిములు ఆ గాయం గుండా రక్తంలోకి చేరి, దెబ్బతిన్న కవాటం మీద తిష్ఠ వేస్తే ప్రాణాపాయం. పెన్సిలిన్ వేయించుకుంటున్నాను కదా అని ధైర్యపడవద్దు. ఆ సూది రుమాటిక్ జ్వరం తిరగబెట్టకుండా వేసేది, ఈ క్రిముల నుంచి కవాటాన్ని కాపాడేది కాదు.