సైటు యాడ్స్ ఆదాయం నిజంగా పడిపోతోందా, లేక నాకే అలా అనిపిస్తోందా?

ఏడాదిన్నరగా సైటు నడుపుతున్నానని, యాడ్‌సెన్స్‌లో (మన సైటులో యాడ్స్ చూపించి డబ్బిచ్చే గూగుల్ సర్వీసు) ఒకరోజు రెండు డాలర్లు, మర్నాడు అర డాలరు కనిపిస్తోందని, ఇది తగ్గుతున్నట్టా మామూలేనా అని అడిగారు కదా. ఈ టెన్షన్ నేనూ పడ్డానండీ.

నేను బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, మారతహళ్లిలో ఉంటూ, మా అమ్మ చేసే వంటల మీద ఒక తెలుగు సైటు నడుపుతున్నాను. 2018లో యాడ్‌సెన్స్ తెలుగు సైట్లకు కూడా వచ్చింది, అప్పుడు మొదలుపెట్టాను. మొదటి ఏడాది ఆఫీసు క్యాంటీన్‌లో అన్నం ముందు కూర్చుని ఫోన్ తీస్తే 'ఈరోజు' దగ్గర సున్నా ఉండేది. ఆకలి చచ్చిపోయేది. తీరా చూస్తే నా రిపోర్టులు అమెరికా పసిఫిక్ టైములో ఉన్నాయి. అక్కడ అర్ధరాత్రి అంటే మనకు మధ్యాహ్నం పన్నెండున్నర, వాళ్ల చలికాలంలో ఒకటిన్నర. సరిగ్గా నా భోజనం వేళకే అక్కడ కొత్త రోజు మొదలవుతోందన్నమాట! రిపోర్టులను మన టైముకి మార్చుకోవచ్చు, చెల్లింపుల లెక్క మాత్రం పసిఫిక్ టైములోనే ఉంటుంది.

కాబట్టి ముందు రోజువారీ అంకె చూడడం మానేయండి. వంటల సైటుకి శని ఆదివారాలు జనం ఎక్కువ, మంగళవారం ఎవరూ రారు. మీ సైటుకి ఇంకోలా ఉండొచ్చు. వారం మొత్తాన్ని వారం మొత్తంతో పోలిస్తే ఈ గోల పోతుంది. నేను ఒక షీట్‌లో వారానికి ఒక వరుస రాసుకుంటాను: పేజీ వ్యూలు, ఆర్‌పీఎం, ఆదాయం, చివర్లో 'ఏం జరిగింది' అని ఒక గడి. ఆదాయం డాలర్లలోనే రాయండి. రూపాయల్లో రాస్తే డాలర్ రేటు పెరిగినప్పుడల్లా మన సైటు పెరిగిందనుకుంటాం.

అసలు సంగతి ఆ ఆర్‌పీఎం దగ్గర ఉంది. వెయ్యి పేజీ వ్యూలకు వచ్చే డబ్బు అది. డిసెంబరులో ఒక వారం 20,000 వ్యూలు, ఆర్‌పీఎం ఒకటిన్నర డాలరు అనుకోండి, 30 డాలర్లు. సంక్రాంతి వారం అరిసెల కోసం జనం ఎగబడి 30,000 వ్యూలు వచ్చాయి, ఆర్‌పీఎం ఒక డాలరుకి దిగింది. మళ్లీ అదే 30. ఆదాయం ఒక్కటే చూసి నేను 'అరిసెల పోస్టు వర్కౌట్ కాలేదు' అని తేల్చేసి, మరుసటి ఏడాది దాని జోలికే పోలేదు. తప్పు పోస్టుది కాదు. ఏడాది చివర ప్రకటనదారులు బడ్జెట్లు కుమ్మరిస్తారు, జనవరిలో చేతులు ముడుచుకుంటారు. ప్రతి ఏడాదీ ఇదే తంతు.

ఆర్‌పీఎం కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. నా పాఠకుల్లో కొంతమంది అమెరికాలో ఉన్న మనవాళ్లు, అక్కడి యాడ్ రేట్లు చాలా ఎక్కువ. ఉదాహరణకు ఒక వారం అమెరికా నుంచి 2,000 వ్యూలు ఐదు డాలర్ల చొప్పున, ఇండియా నుంచి 8,000 అర డాలరు చొప్పున వచ్చాయనుకోండి. పది, నాలుగు కలిపి 14 డాలర్లు, సగటు ఆర్‌పీఎం 1.40. మరుసటి వారం మీ పోస్టు ఇక్కడి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి ఇండియా వ్యూలు 24,000 అయ్యాయి. ఆదాయం 22కి పెరిగింది, ఆర్‌పీఎం మాత్రం 0.85కి పడింది. నిజానికి ఏ దేశంలోనూ రేటు తగ్గలేదు! నాకు ఇలాగే జరిగినప్పుడు ఒక రాత్రంతా యాడ్స్ స్థానాలు అటూ ఇటూ మార్చి, బాగున్నదాన్ని చెడగొట్టుకున్నాను. దేశాలవారీగా విడగొట్టి చూడకుండా దేన్నీ ముట్టుకోవద్దు.

నిరుటితో పోల్చేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. సంక్రాంతి ఎప్పుడూ జనవరి మధ్యలోనే వస్తుంది, మిగతా పండుగలు అలా కాదు. వినాయక చవితి 2023లో సెప్టెంబరు 18, 2024లో 7, 2025లో ఆగస్టు 27. తేదీకి తేదీ పోలిస్తే సెప్టెంబరులో సైటు కుప్పకూలినట్టు కనిపిస్తుంది, ఉండ్రాళ్ల కోసం వచ్చినవాళ్లంతా ఆగస్టులోనే వచ్చి వెళ్లారంతే. గోడ మీద పంచాంగం క్యాలెండర్ పెట్టుకుని పండుగ వారాన్ని పండుగ వారంతోనే పోల్చండి. ఇంకొకటి, 2024 మొదట్లో యాడ్‌సెన్స్ క్లిక్కుకి కాకుండా యాడ్ కనిపించినందుకు డబ్బిచ్చే పద్ధతికి మారింది. అంతకు ముందరి క్లిక్కు రేట్లతో ఇప్పటివి పోల్చి లాభం లేదు.

'ఏం జరిగింది' గడిని చిన్నచూపు చూడకండి. ఒకసారి సైటు థీమ్ మార్చాను. వ్యూలు అలాగే ఉన్నాయి, ఆర్‌పీఎం మాత్రం అమెరికాలోనూ ఇండియాలోనూ ఒకేసారి సగమైంది. మూడు వారాలు మార్కెట్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను. గడిలో 'థీమ్ మార్చాను' అన్న నా రాతే కళ్లబడేసరికి విషయం అర్థమైంది. మొబైల్‌లో పోస్టు మధ్యలో రావాల్సిన యాడ్ కోడ్ కొత్త థీమ్‌లో ఎగిరిపోయింది.

అలాగే రోజూ కనిపించేది అంచనా మాత్రమే, నెల దాటాకే లెక్క తేలుతుంది. మా తమ్ముడు, వాడి పీజీ రూమ్‌మేట్లు నాకు మేలు చేద్దామని కూర్చుని యాడ్స్ నొక్కారు. చెల్లని ట్రాఫిక్ కింద ఆ డబ్బులు కోసేశారు. అది ఖాతా మీదకే తెచ్చే వ్యవహారం, ఇంట్లోవాళ్లకి ముందే గట్టిగా చెప్పండి.

మీది ఏడాదిన్నర కాబట్టి నిరుటితో పోల్చడానికి ఆరు నెలలే దొరుకుతాయి. ముందు ఆ ఆరు నెలల వరుసలు రాసి, అమెరికా, ఇండియా విడగొట్టి, పడింది వ్యూలా రేటా అన్నది ఇక్కడ చెప్పండి. సీటీఆర్ (యాడ్ ఎన్నిసార్లు కనిపిస్తే ఎన్నిసార్లు నొక్కారన్న శాతం) అంకెలు మాత్రం రాయకండి, బయటపెట్టకూడదని యాడ్‌సెన్స్ వాళ్ల నిబంధన.