అమెరికాలో క్యూఏ ఉద్యోగంలో చేరబోయే మనవారికి

కోడింగ్ అంతగా రాకపోయినా క్యూఏలో (క్వాలిటీ అష్యూరెన్స్, అంటే సాఫ్ట్‌వేర్ నాణ్యతను పరీక్షించే పనిలో) నిలదొక్కుకోవచ్చా అని హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చినవారు తరచుగా అడుగుతుంటారు. అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో సెలీనియం (బ్రౌజర్ టెస్టులను వాటంతటవే నడిపే సాధనం), జిరా (పనులను, లోపాలను నమోదు చేసే సాధనం) నేర్చుకుని, ఐటీలోకి ఇదే సులువైన దారి అన్న నమ్మకంతో విమానమెక్కేవారు చాలామంది ఉన్నారు. ఆ సాధనాలు రావలసిందే. అయితే ఇక్కడి బృందాలు మీ నుంచి మొదట ఆశించేది, కోడ్ రాయకముందే, రిక్వైర్‌మెంట్లు (సాఫ్ట్‌వేర్ ఏమేమి చేయాలో చెప్పే పత్రాలు) చదివే రోజునే మీరు అడిగే ప్రశ్నలను.

ఉదాహరణకు, రిజిస్ట్రేషన్ ఫారంలో ఇంటిపేరుకు కనీసం రెండు అక్షరాలు ఉండాలని నిబంధన పెట్టారనుకోండి. స్మిత్, జాన్సన్ అని ఎన్నిసార్లు కొట్టి చూసినా ఆ టెస్ట్ పాసవుతూనే ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకే ఒక్క అక్షరంగా ఉన్నవారు, పేరు గడి ఖాళీగా ఉన్నందున వీసాలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడినవారు మన బంధువర్గంలోనే కనిపిస్తారు కనుక, వారు ఈ ఫారం ఎలా నింపాలన్న ప్రశ్న ఆ సమావేశంలో అందరికంటే ముందు మీకే తట్టాలి. తేదీల సంగతీ అంతే. నెల ముందా, రోజు ముందా అన్న గందరగోళం 12 లోపు తేదీలతో పరీక్షిస్తే బయటపడదు. 13వ తేదీ ఇచ్చి చూస్తేనే తెలుస్తుంది.

డిఫెక్ట్ (మీరు పట్టుకున్న లోపం గురించిన నివేదిక) రాసే తీరు మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టండి. ‘ఫారం పనిచేయడం లేదు’ అని రాసి మీరు సాయంత్రం ఇంటికి వెళ్ళిపోతే, అప్పుడే తెల్లవారుతున్న హైదరాబాద్‌లోని డెవలపర్ ఆఫీసుకు వచ్చి, ఏ బిల్డ్‌లో (సాఫ్ట్‌వేర్ వెర్షన్‌లో), ఏ బ్రౌజర్‌లో, ఏ డేటాతో అని మిమ్మల్ని అడిగి, మీ జవాబు కోసం ఎదురుచూడడంలోనే అతని రోజంతా వృథా అవుతుంది. వరుసగా ఏమేమి చేశారో, ఏమి రావాలో, ఏమి వచ్చిందో స్క్రీన్‌షాట్‌తో సహా అందులోనే ఉండాలి.

టెస్టింగ్ ఒక్కటే నాణ్యతను కాపాడలేదనడానికి నైట్ క్యాపిటల్ ఉదంతం చాలు. 2012 ఆగస్టు 1న ఆ అమెరికన్ సంస్థ కొత్త కోడ్‌తో షేర్ల ట్రేడింగ్ మొదలుపెట్టినప్పుడు, 8 సర్వర్లలో ఒకదానికి ఆ కోడ్ చేరలేదు. అందులో మిగిలిపోయిన పాత కోడ్ సుమారు 45 నిమిషాలపాటు అదుపు లేకుండా ఆర్డర్లు పంపి, 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. రెండో మనిషి సరిచూడాలన్న లిఖిత నియమం అక్కడ లేదు. మార్కెట్ తెరవకముందే లోపాన్ని సూచిస్తూ 97 ఈమెయిళ్ళు వచ్చినా ఎవరూ పట్టించుకోలేదు. విడుదల ఎలా జరుగుతుంది, ఎవరు సరిచూస్తారు, తేడా వస్తే వెనక్కి ఎలా తీసుకుంటారు అని అడగడం కూడా క్యూఏ బాధ్యతేనని నేను గట్టిగా నమ్ముతాను.

పెద్దవారు చెప్పారు కదా అని ఊరుకోవడం మనకు అలవాటు. ఇక్కడ మేనేజర్‌ను పేరు పెట్టి పిలుస్తారు, ఆయన అభిప్రాయంతో విభేదిస్తే తప్పుపట్టరు. విడుదల చేయాలా వద్దా అన్న తుది నిర్ణయం సాధారణంగా మీ చేతిలో ఉండదు. అయినా ఏయే భాగాలను పరీక్షించలేదో, ఏ లోపం వల్ల ఏ వినియోగదారుడికి ఇబ్బందో, నిర్ణయం తీసుకునేలోపే, మర్యాదగా, రాతపూర్వకంగా వారి ముందు పెట్టండి.